సింహాల కుర్చీ, ఒడి బియ్యం

మా ముత్తాత మగ్గం విప్పి ఎడ్లబండి మీద వేసుకుని తెలంగాణ నుంచి షోలాపూర్ వచ్చిన మనిషి. వచ్చిన కొద్ది కాలానికే అశోక్ చౌక్ వెనుక సందులో కార్ఖానా పెట్టాడు, నేతవాడకు పెద్దమనిషి అయ్యాడు. నూలు దగ్గర తగవు వచ్చినా, మొగుడూ పెళ్లాల మధ్య తగవు వచ్చినా ఆయన గడప దగ్గరికే వచ్చేవారు. ఆయన కొడుకు, అంటే మా తాత, మార్కండేయ స్వామి రథం మా సందు ముందు ఆగినప్పుడు మొదటి కొబ్బరికాయ కొట్టేవాడు. మా నాన్న కాలానికి చేతి మగ్గాలు పోయి కరెంటుతో నడిచే సాంచెలు వచ్చాయి. మా చద్దర్లు ఎన్నో ఊళ్లు దాటి వెళ్లాయి. ఆయన బజారులోకి వస్తే నూలు వ్యాపారులు లేచి నిలబడేవారు. తర్వాత లేవడం మానేశారు. ఆ సంగతి నేను వివరించను.

ఈ ముగ్గురూ కూర్చున్నది ఒకే కుర్చీలో. టేకు కుర్చీ, చేతులు పెట్టుకునే చోట రెండు సింహాల తలలు. ఎడమ సింహానికి ముక్కు లేదు, నా చిన్నప్పుడు తమ్ముడు దాని మీద కొబ్బరికాయ కొట్టబోయాడు. అందులో ఇంటికి పెద్ద అయిన మగవాడు తప్ప ఎవరూ కూర్చోకూడదని నియమం. అల్లుళ్లు వచ్చినా బెంచీయే. ఒకసారి చిన్న తాత జ్వరంలో తెలియక కూర్చున్నాడట, జ్వరం తగ్గాక క్షమాపణ చెప్పించారు.

నేను ఇంటికి పెద్దను. నాన్న చనిపోయిన ఏడాదే చీర కట్టడం మొదలుపెట్టాను. ఆ రెండింటికీ సంబంధం లేదు. వాడలో మాత్రం ఉందనే అనుకున్నారు.

ఇంట్లో వాళ్లకు చిక్కు వచ్చిపడింది. ఇంటికి పెద్ద కుర్చీలో కూర్చోకూడదని ఎవరూ అనలేరు, అది మా ముత్తాతను అన్నట్టు. కూర్చున్నది ఎవరో చెప్పాలన్నా నోరు రాదు. కాబట్టి రోజూ కుర్చీ తుడిచేవారు, నేను వచ్చి కూర్చుంటే వేరే పని చూసుకునేవారు. నేను కూడా వెన్ను ఆనించకుండా నిటారుగా కూర్చునేదాన్ని. మా వంశంలో ఎవరూ కుర్చీకి జారగిలబడలేదు.

అందరికంటే ఎక్కువ ఇబ్బంది మా తమ్ముడి భార్యది. ఆమె పెళ్లయి వచ్చిన కొత్తలో నేను ఆమెకు బావను. చీర కట్టాక బావా అనలేకపోయింది, వదినె అనడానికి ధైర్యం చాలలేదు. దాంతో పిలవడమే మానేసింది. అన్నం అయిందని గోడతో చెప్పేది. ఆ గోడ పక్కన నేను ఉండేదాన్ని. గోడ దగ్గర నేను లేకపోతే ఫ్యాను ఒకసారి ఆపి మళ్లీ వేసేది. ఫ్యాను ఆగిందంటే చాయ్ అయిందని అర్థం. ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్లి ఖాళీ చేతులతో తిరిగి వచ్చేదాన్ని. ఏళ్ల తరబడి ఇలాగే గడిచింది. కోపం లేదు, కొట్లాట లేదు. కూర అడగకుండానే రెండోసారి వడ్డించేది, పిలుపు ఒక్కటే లేదు.

నాకు కావలసింది ఒకటుంది. మా వైపు తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డకు ఒడి బియ్యం పోస్తారు. పీట మీద తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు దోసిళ్లతో కొంగులో పోస్తారు. పక్కన అన్న గానీ తమ్ముడు గానీ నిలబడాలి. అమ్మ బతికి ఉండగా మా మేనత్తలకు పోయడం చూశాను. ఎంత ముసలి మేనత్త అయినా ఆ కాసేపు ఆమె మొహం మెరిసేది. నేను ఈ ఇంటి ఆడబిడ్డనని ఎవరు చెప్పినా చెప్పకపోయినా ఆ బియ్యం చెబుతుంది. కానీ అది అడిగి పోయించుకునేది కాదు. అడగడం మా వంశంలో లేదు. కుర్చీ దిగడం అసలే లేదు.

ఉద్యమం సంగతికి వస్తాను.

షోలాపూర్‌లో హైదరాబాద్ బండి ఎక్కితే కాసేపటికి కర్ణాటక, ఆ తర్వాత తెలంగాణ. ట్రాన్స్‌జెండర్లం మేము ఈ మూడింటి మధ్యా జాతరలకనీ, బతుకు కోసమనీ, కొందరు ఇంట్లో దెబ్బలు తప్పించుకోవడానికనీ తిరుగుతూనే ఉంటాం. ఒక రాష్ట్రంలో ఇచ్చిన గుర్తింపు కార్డు ఇంకో రాష్ట్రంలో చూపిస్తే తిరగేసి మరగేసి, అక్కడే చూసుకోండి అంటారు. కొట్టినవాళ్ల మీద ఫిర్యాదు ఇవ్వబోతే దెబ్బలు తగిలింది సరిహద్దుకు ఇవతలా అవతలా అని అడుగుతారు. ఫోనులో పరిచయమైన కాఠ్మండూ వాళ్లదీ, కొలంబో వాళ్లదీ కూడా ఇదే మొర. పాస్‌పోర్టులో ఫొటో ఒకలా, ఎదురుగా మనిషి ఒకలా ఉంటే విమానాశ్రయంలో ఎంతసేపు నిలబెడతారో వాళ్లు చెబుతుంటే మా రైల్వే టీసీలు దేవుళ్లనిపించారు. సరిహద్దులతో పని లేకుండా అందరం కలిసి ఒక సంఘం పెట్టుకోవాలని అనుకున్నాం.

సరిహద్దులు వద్దనుకున్న సంఘానికి మొదట వచ్చిన తగవు సరిహద్దుదే. మావాళ్లలో పిల్లలు పుట్టిన ఇళ్లకూ, కొత్త దుకాణాలకూ వెళ్లి దీవెనలు ఇచ్చే పెద్దమ్మలకు ఎవరి హద్దు వాళ్లకు ఉంటుంది. తెలంగాణ పెద్దమ్మ ఒకామె, కలబురిగి పెద్దమ్మ ఒకామె. షోలాపూర్ తన హద్దులోదని ఇద్దరూ అన్నారు. దీవెనకు కానుక పెట్టేది తెలుగు నేతవాళ్లు కాబట్టి ఊరు తనదని తెలంగాణ పెద్దమ్మ వాదన. ఇక్కడ ఎక్కితే రైలు ముందు తన ఊరికే చేరుతుంది కాబట్టి తనదని కలబురిగి పెద్దమ్మ వాదన. మా ముత్తాత ఈ ఊరు వచ్చేనాటికి మీరిద్దరూ పుట్టలేదని నేను గుర్తుచేశాను. దాంతో ఫోనులో ముగ్గురం మాట్లాడుకోవడం మానేశాం. కాఠ్మండూ నుంచి ఒకతను మధ్యవర్తిగా ఉండి ఒకరి మాట ఇంకొకరికి హిందీలో చేరవేసేవాడు. పుట్టినప్పుడు అతన్ని ఆడపిల్ల అని రాయించారు, ఇప్పుడు నిండు మీసం. ఓపికస్తుడు. తిట్లను వదిలేసి మిగిలినది చెప్పేవాడు కాబట్టి అతని చేరవేతలు చాలా పొట్టిగా ఉండేవి.

ఆ పెద్దమ్మలిద్దరూ ఒక చాప మీద కూర్చుంటే తప్ప సంఘం నిలవదని అందరికీ తెలుసు. అన్ని బళ్లూ ఆగే ఊరు కాబట్టి సభ షోలాపూర్‌లోనే పెట్టాలన్నారు. మా ఇంట్లో పెట్టాలన్నాను నేను. హాలు అద్దెకు తీసుకోవడం మా వంశంలో లేదు. అద్దె ఇవ్వలేకపోవడం వేరే విషయం.

సంఘానికి జెండా కావాలి. మా కార్ఖానాలో మిగిలిన చివరి సాంచె మీద నేయించాను. ఆ సాంచె మీద చద్దర్ తప్ప ఇంకోటి రాదు, కాబట్టి జెండా చద్దరే అయింది. మందపాటి దుప్పటి, కప్పుకుంటే పుష్య మాసపు చలి ఆగుతుంది. దాని మీద సంఘం పేరు రావాలని మొదట అనుకున్నాం. ప్రతి ఒక్కరూ తమ ఊరి పేరు ముందు రావాలనేసరికి పేరు చద్దర్ పొడవు దాటిపోయింది. చివరికి పేరు వదిలేశాం. డిజైను దించే జకార్డు అట్టలు మా దగ్గర నెమళ్లవి మాత్రమే మిగిలాయి. అలా ట్రాన్స్‌జెండర్ల హక్కుల ఉద్యమానికి గుర్తు ముఖాముఖీ నిలబడ్డ రెండు నెమళ్లయింది. దాని అర్థమేమిటని కొలంబో వాళ్లు అడిగితే చాలా లోతైన అర్థం ఉందని చెప్పాను.

సభ రోజు పొద్దున్నే కార్ఖానా కడిగి చాపలు పరిచారు. తమ్ముడి భార్యకు సాయంగా విడీ ఘర్కుల్ కాలనీ నుంచి ఆమె స్నేహితులు వచ్చారు. అక్కడి ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లు. మా తమ్ముడి భార్య కూడా చుడుతుంది. మా ఇంట్లో బీడీలు అనరు, ఆకు పని అంటారు. వచ్చిన అతిథులకు ఇంటి ఆచారం ప్రకారం మర్యాద జరగాలని నేను గోడతో చెప్పాను. గోడకు అవతల ఆమె ఉంది. మర్యాద అంటే నా ఉద్దేశం కుంకుమ, రవికె గుడ్డ, కొబ్బరికాయ. ఇంకేమైనా అనుమానం ఉంటే ఆమె నన్ను అడగాలి. అడగాలంటే పిలవాలి. అందుకని అడగలేదు.

వంటింట్లో ఏం మాట్లాడుకున్నారో తర్వాత తెలిసింది. మగవాళ్లకైతే టోపీ, టవల్. ఆడవాళ్లకైతే రవికె గుడ్డ. మరి వీళ్లకేం పెట్టాలని తర్జనభర్జన పడ్డారట. అప్పుడు విడీ ఘర్కుల్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఆకు కత్తిరించే కత్తెర పక్కన పెట్టి తీర్పు చెప్పింది.

"గీళ్లను ఎవలి తల్లిగారన్న పిలిశిండ్రా? పిలవలే. ఇయ్యాల మనింటికొచ్చిండ్రు. తల్లిగారింటికొచ్చిన ఆడిబిడ్డకు ఏం పోస్తమో గదే పొయ్యాలె."

వాళ్లు బియ్యానికి పసుపు కలపడం మొదలుపెట్టారు. ఇవతల నేను కుర్చీలో కూర్చుని అతిథుల కోసం ఎదురుచూస్తున్నాను.

ఒకే బండిలో వచ్చినా పెద్దమ్మలిద్దరూ వేర్వేరు ఆటోల్లో దిగారు. ఇద్దరూ గుమ్మం దగ్గర ఆగారు, ముందు ఎవరు అడుగుపెట్టాలని. కాఠ్మండూ మీసాలాయన ఇద్దరి చేతులూ పట్టుకుని ఒకేసారి లోపలికి లాగాడు. గుమ్మం ఇరుకు, ముగ్గురూ ఇరుక్కున్నారు. తమ్ముడు వెనక నుంచి నెట్టాడు. అలా సంఘం మా ఇంట్లో అడుగుపెట్టింది.

మొదట తెలంగాణ పెద్దమ్మ మాట్లాడాలని నిర్ణయమైంది. ఆమె లేచి అక్కలారా అనగానే గోడకు కొట్టిన మేకు ఊడి చద్దర్ ఆమె మీద పడింది. జెండా బరువు మేకు ఆపలేకపోయింది. ఆమె మాత్రం ఆపలేదు. చద్దర్ కిందనే నిలబడి, మనల్ని ఎన్నాళ్లు కప్పిపెడతారు అని అడిగింది. అది ముందే రాసుకున్న మాటో, అప్పటికప్పుడు వచ్చిన మాటో ఇప్పటికీ తెలియదు. విడీ ఘర్కుల్ ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. కలబురిగి పెద్దమ్మ మాత్రం, ఊపిరాడుతలేదేమో చూడుండ్రి, నాకు వంతు రావాలె గదా అంది.

తెలంగాణ పెద్దమ్మను బయటికి తీశాక ఆమెకు ఆయాసం వచ్చింది. కూర్చోవడానికి చుట్టూ చూసింది. ఆమె చూపు నా కుర్చీ మీద పడింది. ఆమె చూపు పడిందని కలబురిగి పెద్దమ్మ చూపూ పడింది. ఇద్దరికీ కుర్చీ కావలసి వచ్చింది.

నేను సింహాల తలలు గట్టిగా పట్టుకుని, ఇది మా ముత్తాత కుర్చీ అనీ, మా ఇంటికి పెద్ద అయిన మగవాడు తప్ప ఎవరూ ఇందులో కూర్చోరనీ చెప్పాను. అలవాటుగా చిన్నప్పటి నుంచి విన్న మాట విన్నట్టే వచ్చేసింది. కలబురిగి పెద్దమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది.

"మొగోడివైతే కుర్చీల ఉండు, సంఘంల నీకేం పని? ఆడిదానివైతే దిగి మా పక్కన కూసో. రెండు బి కావాలంటె ఎట్ల?"

తెలంగాణ పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, అక్క చెప్పింది నిజమే అంది. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉండటం ఏళ్లలో అదే మొదటిసారి. మీసాలాయన సంతోషం పట్టలేకపోయాడు. ఆ మాట నా మీద అని తర్వాత గమనించి మొహం సర్దుకున్నాడు.

నేను దిగలేదు. వెన్ను ఇంకా నిటారుగా పెట్టాను. అప్పుడే వంటింట్లోంచి తమ్ముడి భార్య పెద్ద ఇత్తడి పళ్లెంతో వచ్చింది. వెనక విడీ ఘర్కుల్ వాళ్లు పీటలు తెచ్చి తూర్పు ముఖంగా వేశారు. పళ్లెంలో పసుపు బియ్యం చూసి నాకు మతి పోయింది. ఒడి బియ్యం సొంత ఆడబిడ్డలకు పోసేది. సభకు వచ్చినవాళ్లకు పోయడం మా ఇంట్లో కాదు, ఎవరింట్లోనూ వినలేదు. అది మర్యాద కాదు, చుట్టరికం. ఒకసారి పోస్తే ఈ ఇంటి బిడ్డ అని లెక్క. వద్దని చెప్పేలోపు తెలంగాణ పెద్దమ్మ పీట మీద కూర్చుని కొంగు పట్టింది, బియ్యం పడిపోయింది. పోసిన ఒడి బియ్యం వెనక్కి తీసుకోవడం ఉండదు.

ఆయాసంతో ఉన్న పెద్దమ్మ గట్టిగా ఏడ్చింది. ఆమె తల్లిగారిల్లు ఏ ఊరో మాకు ఎవరికీ తెలియదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు పోశాక కలబురిగి పెద్దమ్మ ఊరుకుంటుందా. వాళ్ల వైపూ ఈ ఆచారం ఉందని, అయితే కుడుకలు ఇంకా ఎక్కువ పోస్తారని చెప్పి మరీ కూర్చుంది. ఎక్కువే పోశారు. తర్వాత సభకు వచ్చిన మిగతావాళ్లంతా వరుసగా ఒక్కొక్కరు కూర్చున్నారు.

మీసాలాయన వంతు వచ్చింది. పద్ధతి ఏమిటో తెలియక చొక్కా అంచు రెండు చేతులతో పట్టాడు. తమ్ముడి భార్య అతని మీసం చూసి ఆగింది. ఇది ఆడబిడ్డలకు పోసేదని తమ్ముడు హిందీలో చెప్పాడు. మా ఇంట్లో నాకు కూతురి వాటా ఇవ్వలేదు, కొడుకు వాటా ఇవ్వలేదు, తల్లిగారింటి బియ్యం అంటే వదులుకోలేను, కానీ నేను మాత్రం కొడుకునే అన్నాడతను. తమ్ముడి భార్య లోపలికి వెళ్లి మా కార్ఖానా టవల్ తెచ్చి అతని భుజం మీద వేసింది. తమ్ముడు తన తలమీది తెల్ల టోపీ తీసి అతని తలకు పెట్టాడు. ఆ తర్వాత టవల్ పరిపించి అందులో బియ్యం పోశారు. అందరికీ సబబుగానే తోచింది. ఆ టోపీ అతనికి పెద్దది, చెవుల దాకా దిగింది. అతను సాయంత్రం దాకా తీయలేదు.

పీటలన్నీ అయ్యాయి. చాప మీద ఉన్న ప్రతి ఒక్కరి ఒళ్లో పసుపు బియ్యం ఉంది. అందరూ మా ఇంటి బిడ్డలైపోయారు. కుర్చీలో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే ఎవరినీ కాకుండా మిగిలాను. పళ్లెంలో బియ్యం ఇంకా ఉంది. తమ్ముడి భార్య పళ్లెం పట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది. పక్కన గోడ ఉంది. ఆమె గోడ వైపు చూడలేదు.

"వదినె, దిగుండ్రి. కుర్చీల కూసుంటె ఒడి ఎట్ల నింపాలె?"

ఫ్యాను తిరుగుతూనే ఉంది. నేను సింహాల మీది చేతులు తీశాను. ఆ కుర్చీ కొంచెం ఎత్తు, పీట చాలా పల్లం. వెన్ను వంచకుండా అంత కిందికి దిగడం చాలా కష్టమని ఆ రోజు తెలిసింది. సగంలో మోకాలు పట్టేసింది. పెద్దమ్మలిద్దరూ చెరొక రెక్క పట్టుకుని కూర్చోబెట్టారు. ఏం తింటవే, రాయి లెక్కున్నవు అని తెలంగాణ పెద్దమ్మ చెవిలో విసుక్కుంది. తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు. చిన్నప్పుడు సింహం ముక్కు విరగ్గొట్టినప్పుడు ఎలా నిలబడ్డాడో అలాగే, తల దించుకుని. తమ్ముడి భార్య దోసిలి నింపి నా కొంగులో పోసింది. ఖర్జూరం ఒకటి జారి దొర్లిపోతే విడీ ఘర్కుల్ పెద్దావిడ పట్టుకుని మళ్లీ ఒళ్లో వేసింది. నేను ఏడవలేదు. పసుపు కంట్లో పడింది.

తర్వాత సభ చాలా తొందరగా ముగిసింది. షోలాపూర్ ఎవరి హద్దు అన్న ప్రశ్న మళ్లీ వచ్చింది గానీ, కలబురిగి పెద్దమ్మే తేల్చేసింది. తల్లిగారింట్ల అక్కచెల్లెండ్లకు హద్దేంది, ఎవలన్న రావొచ్చు, ఎవలన్న ఉండొచ్చు అంది. అవతల ఏ సరిహద్దు దాటి ఎవరు పారిపోయి వచ్చినా ముందు ఈ ఇంటికి రావాలని, ఇక్కడి నుంచి మిగతావాళ్లు కార్డులూ ఫిర్యాదులూ చూసుకోవాలని నిర్ణయించాం. సంఘం మొదటి తీర్మానం అదే. రెండో తీర్మానం జెండాకు ఇంకో మేకు కొట్టాలని.

ఒడి బియ్యం తీసుకున్న ఆడబిడ్డ దాన్ని మళ్లీ తన చోట వండి అందరికీ పెట్టాలి. ఇంతమంది ఎక్కడ వండాలన్న చర్చ వచ్చింది. పెద్దమ్మలిద్దరూ తమ ఊళ్లు చెప్పబోతుంటే, ముందు కాఠ్మండూలో వండుదామని మీసాలాయన టోపీ పైకి నెట్టుకుంటూ అన్నాడు. అలా రెండో సభ కాఠ్మండూలో అని తేలింది. కొలంబో వాళ్లకు ఫోనులో చెబితే మాకూ బియ్యం దాచండి అన్నారు.

సాయంత్రం అందరూ స్టేషన్‌కు వెళ్లాక చూస్తే కుర్చీలో మీసాలాయన మర్చిపోయిన సంచి ఉంది. ఎవరికీ అది తప్పనిపించలేదు. నియమం ప్రకారం కుర్చీ ఇక తమ్ముడిదని చెప్పాను. వాడు ఒకసారి కూర్చుని చూశాడు. నడుము నొప్పి పుడుతోందనీ, ప్లాస్టిక్ కుర్చీయే హాయి అనీ చెప్పి లేచాడు. తమ్ముడి భార్య వంటింట్లోంచి, వదినె, చాయ్ అయింది అని పిలిచింది. అలవాటు కొద్దీ ఫ్యాను కూడా ఒకసారి ఆపి వేసింది.

కాఠ్మండూ వెళ్లే మావాళ్లందరి టికెట్ల కోసం, సింహాల కుర్చీని హోట్గి రోడ్డులో పెళ్లి మండపాలు అలంకరించే ఆయనకు అమ్మేశాం.